ఉండిపోవడమా, వెళ్లిపోవడమా

అమెరికాలో నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే, ఇళ్ల ధరలూ పిల్లల కాలేజీలూ అయిపోయాక మాట ఉద్యోగాల మీదికి మళ్లుతుంది. ఒకే కంపెనీని పాతికేళ్లు అంటిపెట్టుకున్నవాళ్లు ఒకవైపు, రెండేళ్లకోసారి కంపెనీ మార్చేవాళ్లు మరోవైపు. ఏళ్ల తరబడి ఈ వాదన వింటున్నాను. ఎవరు గెలిచారన్నది తేలగా చూడలేదు.

కిందున్న అత్తా అల్లుడూ నేను కల్పించినవాళ్లు. వాళ్ల నోట వచ్చే చట్టాలు, కంపెనీల చరిత్ర, అంకెలు నిజమైనవి. అత్త 1998లో వైటూకే పని మీద హెచ్‌1బీతో వచ్చింది. కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కోబాల్ ప్రోగ్రామర్‌గా చేరి, ఇప్పటికీ అక్కడే ఉంది. అల్లుడంటే ఆమె అన్నకొడుకు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు. ఎంఎస్ అయ్యాక ఎనిమిదేళ్లలో మూడు కంపెనీలు చూశాడు. నాలుగోదాని ఆఫర్ లెటర్ ఫోన్లో పెట్టుకుని ఆదివారం అత్త ఇంటికి భోజనానికి వచ్చాడు. సోమవారం సాయంత్రంలోగా వాళ్లకు జవాబు చెప్పాలి.

అల్లుడు: నువ్వేమంటావో నాకు ముందే తెలుసు అత్తా. ఉన్నచోటే ఉండమంటావు.

అత్త: తెలిసీ రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చావంటే, నీకే ఏదో మూల సందేహం ఉందన్నమాట. చెప్పు, ఎంత ఇస్తున్నారు?

అల్లుడు: బేస్ ఇరవై శాతం ఎక్కువ. స్టాక్ వేరే. నాలుగేళ్లలో వెస్ట్ అవుతుంది, మొదటి ఏడాది నిండేదాకా ఒక్క షేరూ రాదు. ఇప్పుడున్న కంపెనీలో నిరుడు మూడు శాతం పెంచారు. అదీ మా మేనేజర్ నా కోసం గట్టిగా పోట్లాడానని చెప్పుకుంటే. అదే టీమ్‌లో నా తర్వాత చేరినవాడికి నాకంటే ఎక్కువ జీతం. లోపల ఉన్నవాడికి చిల్లర, బయటి నుంచి వచ్చేవాడికి నోట్లు. ఇదెక్కడి న్యాయం?

అత్త: న్యాయం కాదు. కానీ అన్ని రోజులూ అలాగే ఉండవు. అట్లాంటా ఫెడరల్ రిజర్వ్ వాళ్లు ఉద్యోగం మారినవాళ్ల జీతాలూ మారనివాళ్ల జీతాలూ ఎంతెంత పెరిగాయో నెలనెలా లెక్క కడతారు. 2022లో మారినవాళ్లదే పైచేయి, తేడా బాగా ఎక్కువ. 2025 మొదట్లో చూస్తే రెండూ దాదాపు ఒక్కటే. మీరంతా 2022లో విన్న మాటనే ఇంకా పట్టుకుని తిరుగుతున్నారు.

అల్లుడు: మరి జనం మారుతూనే ఉన్నారు కదా. అమెరికా కార్మిక శాఖ 2024 జనవరిలో లెక్క తీస్తే, మనిషి ఇప్పుడున్న యజమాని దగ్గర ఉన్న కాలం మధ్యస్థంగా 3.9 ఏళ్లు. 2002 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఈ దేశం తీరే అంత.

అత్త: అదే లెక్కలో వయసు కాలమ్ కూడా ఉంటుంది చూడు. పాతిక నుంచి ముప్ఫై నాలుగు మధ్యవాళ్లకు 2.7 ఏళ్లు. యాభై అయిదు నుంచి అరవై నాలుగు మధ్యవాళ్లకు 9.6. వయసులో తిరుగుతారు, తర్వాత కుదురుకుంటారు. తిరగడం తప్పని నేను ఏనాడూ అనలేదు. ఎప్పుడు ఆగాలో తెలియకపోవడం తప్పంటాను.

అల్లుడు: ఇప్పుడు సత్య నాదెళ్ల పేరు తీస్తావు చూడు.

అత్త: తీస్తాను, ఎందుకు తీయను? 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 2014 ఫిబ్రవరి 4న సీఈఓ అయ్యాడు. మధ్యలో ఇరవై రెండేళ్లు. పశ్చిమ గోదావరిలో పుట్టిన అరవింద్ కృష్ణ 1990లో ఐబీఎం రీసెర్చ్‌లో చేరి, 2020 ఏప్రిల్‌లో సీఈఓ అయ్యాడు. ముప్ఫై ఏళ్లు. ఉస్మానియాలో చదివిన శాంతను నారాయణ్ 1998లో అడోబీకి వచ్చి 2007 డిసెంబరులో దాని పగ్గాలు పట్టాడు. ముగ్గురూ మనవైపు వాళ్లే, ముగ్గురూ కంపెనీ లోపలి నుంచే పైకొచ్చారు.

అల్లుడు: నాదెళ్ల ముందు సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేశాడు. నారాయణ్ అయితే యాపిల్, సిలికాన్ గ్రాఫిక్స్, సొంత స్టార్టప్ అన్నీ తిరిగాకే అడోబీ. మారకుండా ఉన్నవాళ్లు కాదు కదా వాళ్లు? అయినా ముగ్గురిని చూపించి అందరికీ దారి ఇదే అంటే ఎలా అత్తా? 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరినవాళ్లు ఎంతమంది, సీఈఓ అయింది ఎంతమంది?

అత్త: వాళ్లు చేరిన కుర్చీ గురించి మాట్లాడటం లేదురా. ఆ ఇరవై రెండేళ్లలో నాదెళ్ల ఏం చేశాడో చూడు. కంపెనీ డబ్బంతా విండోస్, ఆఫీస్‌ల నుంచి వస్తున్న రోజుల్లో, 2007 ప్రాంతంలో సెర్చ్ విభాగానికి వెళ్లాడు. అవతల ఉన్నది గూగుల్. గెలిచే పని కాదని అందరికీ తెలుసు. కానీ ఇంటర్నెట్ మీద ఎడతెరిపి లేకుండా నడిచే పెద్ద సర్వీసు ఎలా కట్టాలో అక్కడ నేర్చుకున్నాడు. 2011లో సర్వర్ల విభాగం చేతికొచ్చినప్పుడు, వాళ్ల క్లౌడ్ సర్వీసు అజూర్ ఇంకా నడకలు నేర్చుకుంటున్నప్పుడు, ఆ చదువే పనికొచ్చింది. బిల్డింగుల మీద బోర్డు ఒకటే. లోపల అతను చేసిన ఉద్యోగాలు మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి. ఒకే కంపెనీలో ఎదగడమంటే నేను అర్థం చేసుకున్నది అది.

ఇక్కడ నా మాట ఒకటి. మన పత్రికల్లో ఈ ముగ్గురి గురించి వచ్చే కథనాలు పుట్టిన ఊరు, చదివిన బడి, చివరి పదవి చెప్పి ముగుస్తాయి. నడుమనున్న ఇరవై ముప్ఫై ఏళ్లు ఎగిరిపోతాయి. ఉద్యోగం చేసుకునే మనిషికి పనికొచ్చేది ఆ నడుమ భాగమే. పేరున్న విభాగాన్ని వదిలి పేరులేని విభాగానికి వెళ్లిన రోజు, జీతం పెరగకపోయినా పని కొత్తదని ఒప్పుకున్న రోజు, వాటికి వార్తలో చోటుండదు. అత్త పట్టుకున్న కొస సరైనదే. కానీ అల్లుడి దగ్గర దీనికి బలమైన జవాబుంది.

అల్లుడు: సరే, నువ్వు ఉన్నావు. కంపెనీ ఉంటుందా? హార్ట్‌ఫర్డ్ నుంచి ఐ-84 ఎక్కి పడమరగా వెళ్తే, హడ్సన్ నదికి ఇవతలే ఈస్ట్ ఫిష్‌కిల్ వస్తుంది. ఐబీఎం చిప్స్ చేసిన ఊరు. 2002లో అక్కడ పన్నెండంగుళాల సిలికాన్ వేఫర్ల మీద చిప్స్ తయారుచేసే కొత్త ప్లాంటు తెరిచారు. అప్పుడు పాతికేళ్ల కుర్రాడొకడు ఇంజినీరుగా చేరాడనుకో. ఐబీఎం అంటే జీవితకాలపు ఉద్యోగమని వాళ్ల నాన్న చెప్పుంటాడు. 2015 జులైలో ఆ ప్లాంటును గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు ఇచ్చేశారు. అమ్మలేదత్తా, వదిలించుకోవడానికి ఐబీఎం తానే 150 కోట్ల డాలర్లు ఎదురిచ్చింది. మళ్లీ 2022 చివర్లో అది ఆన్‌సెమీ చేతికి వెళ్లింది. ఆ ఇంజినీరు రోజూ అదే పార్కింగ్ లాట్‌లో కారు పెట్టి, అదే తెల్ల గౌను వేసుకుని, అదే క్లీన్‌రూమ్‌లోకి వెళ్లాడు. కదలకుండానే ముగ్గురు యజమానులు మారారు. వాడు కంపెనీ మారినట్టా, మారనట్టా?

అత్త: ...

అల్లుడు: 2005లో పీసీల వ్యాపారం లెనోవోకు వెళ్లింది. 2021 నవంబరులో ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసులు విడదీసి కిండ్రిల్ అన్నారు. దాదాపు తొంభై వేల మంది ఒక్కసారిగా ఐబీఎం నుంచి బయటికి వచ్చేశారు. వాళ్లెవరూ రాజీనామా చేయలేదు. నువ్వు ఉండిపోవాలని నిర్ణయించుకోగలవు. నిన్ను ఉంచుకోవాలన్న నిర్ణయం మాత్రం నీది కాదు.

అత్త: అది కాదనలేను. 1993 సంగతి మా ఆఫీసులో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఎనభైల నడుమ ఐబీఎంలో నాలుగు లక్షల మందికి పైగా ఉండేవాళ్లు. లేఆఫ్ అన్న మాటే అక్కడ వినపడేది కాదు. తాతలూ తండ్రులూ కొడుకులూ అందులోనే పనిచేసిన ఊళ్లున్నాయి, ఎండికాట్, పుకీప్సీ, కింగ్‌స్టన్. 1993లో 800 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. లూ గెర్స్ట్‌నర్‌ను బయటి నుంచి తెచ్చి సీఈఓ చేశారు. 1994 అయ్యేసరికి రెండు లక్షల ఇరవై వేల మంది మిగిలారు. కింగ్‌స్టన్ ప్లాంటు 1995లో మూతపడింది.

అల్లుడు: పెన్షన్ సంగతి కూడా చెప్పు.

అత్త: 1999. చివరి ఏళ్ల జీతాన్ని బట్టి కట్టే పాత పెన్షన్ తీసేసి, ఏటా జీతంలో కొంత శాతం ఖాతాలో వేసే క్యాష్ బ్యాలెన్స్ పద్ధతి పెట్టారు. రిటైర్మెంట్‌కు అయిదేళ్లలోపున్నవాళ్లకే పాతదాంట్లో ఉండే అవకాశం ఇచ్చారు. నలభై అయిదేళ్ల మనిషి, ఇరవై ఏళ్లు అక్కడే చేసినవాడు, రాత్రికి రాత్రే తన లెక్క తలకిందులైందని తెలుసుకున్నాడు. గొడవ కాంగ్రెస్ దాకా వెళ్లింది. చివరికి నలభై ఏళ్లు నిండి, పదేళ్ల సర్వీసున్నవాళ్లకు కూడా ఎంచుకునే హక్కిచ్చారు. 2008 నుంచి ఆ పెన్షన్లు మొత్తం అక్కడికక్కడే ఆపేశారు. ఇప్పుడు ఎక్కడ చూసినా 401కే రిటైర్మెంట్ ఖాతాలే. ఎటు వెళ్తే అటు వెంట తీసుకుపోవచ్చు.

అల్లుడు: అంటే ఉండిపోయినందుకు ఒకప్పుడు ఇచ్చిన ఫలం కూడా లేదు. ఇంకెందుకుండాలి?

అత్త: డబ్బు కోసమే అయితే ఉండకు. ఆ మాట నేనే అంటున్నాను. ఒక్క విషయం విను. నేను చేరిన కొత్తలో మాకిచ్చిన పని, పాలసీ రికార్డుల్లో సంవత్సరం రెండంకెల్లో ఉన్నచోటల్లా నాలుగంకెలు చేయడం. ఒక ఫైల్లో పాలసీ ముగిసే తేదీ దగ్గర వేల రికార్డుల్లో 99 అని ఉంది. మా బ్యాచ్‌లో ఒకతను అన్నిటినీ 1999 చేసేశాడు. టెస్ట్ రన్‌లో చూస్తే ఆ పాలసీలన్నీ ఆ ఏడాదితో ఆగిపోతున్నాయి. ఆ 99 అంటే 1999 కాదట. 'ముగింపు తేదీ లేదు' అని చెప్పడానికి డెబ్బైల్లో ఎవరో పెట్టుకున్న గుర్తు. ఎక్కడా రాసిపెట్టలేదు. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన ఒకావిడ చెబితే తెలిసింది. మొన్న ఆ సిస్టమ్‌నే క్లౌడ్‌కు తరలిస్తుంటే అదే ఫీల్డు మళ్లీ ఎదురైంది, ఈసారి 9999 డిసెంబరు 31 వేషంలో. కొత్త టీమ్ దాన్ని చెత్త డేటా అనుకుని తీసేయబోయింది. నేను ఆపాను. ఆ పాలసీల వెనక మనుషులున్నారు, డిజెబిలిటీ మీద నెలనెలా చెక్కు వచ్చేవాళ్లు. అలాంటి చోట అలా నిలబడి ఆపగలగడం నాకు జీతం ఇవ్వని తృప్తినిచ్చింది. రెండేళ్లకోసారి మారేవాడికి తాను కట్టింది నిలిచిందో కూలిందో చూసే వీలే ఉండదు. కట్టినవాడికి ఆ చదువు రాకపోతే ఎలా?

అల్లుడు: ఆ మాట ఒప్పుకుంటాను. నేను రాసిన కోడ్ మూడేళ్ల తర్వాత ఏమైందో నాకు ఎప్పుడూ తెలియలేదు. కానీ నీ 99 సంగతికి బయట ఎవరూ డాలరు కూడా ఇవ్వరత్తా. ఆ జ్ఞానం ఆ గోడల మధ్యే చెల్లుతుంది. ఇక ముందు లోపల కూడా చెల్లుతుందో లేదో. కోబాల్‌ను జావాలోకి మార్చే ఏఐ పరికరాన్ని 2023లో ఐబీఎం వాళ్లే ప్రకటించారు. అదే ఏడాది మేలో, నువ్వు చెప్పిన ఆ అరవింద్ కృష్ణ గారే, కస్టమర్లతో నేరుగా పనిలేని ఇరవై ఆరు వేల ఉద్యోగాల్లో ముప్ఫై శాతం అయిదేళ్లలో ఏఐ చేతికి పోవచ్చని అన్నారు. కింది నుంచి ముప్ఫై ఏళ్లు ఎక్కినాయన చెప్పిన మాటది.

అత్త: కోడ్‌లో ఉన్నది పరికరం చదువుతుంది. ఆ 99 ఎందుకు పెట్టారో కోడ్‌లో లేదు కదా. అయినా నీ మాటలో ఉన్న భయం నాకు తెలియనిది కాదు. దానికి ఏఐ దాకా పోనక్కర్లేదు. ఆ సిస్టమ్ నాకు తప్ప ఇంకెవరికీ తెలియదన్న పేరు వచ్చాక, నన్ను అక్కడే కట్టేశారు. లోపల వేరే విభాగంలో పోస్టు పడితే అప్లై చేశాను. నువ్వు వెళ్తే ఇది ఎవరు చూస్తారన్నాడు అప్పటి మేనేజర్. 'నువ్వు లేకపోతే గడవదు' అంటే పొగడ్త అనుకున్నాను కొన్నాళ్లు. తర్వాత అర్థమైంది, నాకు తాళం వేశారని.

అల్లుడు: ఎలా బయటపడ్డావు?

అత్త: నాకు తెలిసిందంతా రాసిపెట్టాను. ప్రతి ఫైలు, ప్రతి రాత్రి నడిచే జాబ్, అది ఆగితే ఏం చేయాలో, ఎందుకలా కట్టారో. ఇద్దరు కుర్రవాళ్లకు పక్కన కూర్చోబెట్టి నేర్పాను. ఏడాది పట్టింది. నా అవసరం నేనే తగ్గించుకుంటున్నానని స్నేహితులు హెచ్చరించారు. ఆ తర్వాత పోస్టు పడినప్పుడు ఆపడానికి ఎవరికీ కారణం దొరకలేదు. కోబాల్ నుంచి వెబ్‌కు, వెబ్ నుంచి డేటాకు, డేటా నుంచి క్లౌడ్‌కు, ప్రతిసారీ అలాగే వచ్చాను. ఉన్నచోట ఎదగాలంటే ఉన్న కుర్చీని ఖాళీ చేసే పని మనమే చేసుకోవాలి. ఇది నాకెవరూ చెప్పలేదు, నేనెవరికైనా చెప్పదగ్గది ఇదొక్కటే.

అల్లుడు కాసేపు మాట్లాడడు. ఇంతవరకూ నడిచిన వాదన ఏ దేశంవాళ్లైనా చేసుకోగలిగిందే. అమెరికాలో మనవాళ్లు చేసుకునేటప్పుడు దీనికింద ఇంకో పొర ఉంటుంది. పెళ్లిళ్లలో, గుళ్లో, పిక్నిక్‌ల్లో 'మీరు ఆ కంపెనీలోనే ఉన్నారా ఇంకా' అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేముందు ఒక క్షణం ఆగుతారు. ఆ క్షణంలో ఉన్నది గ్రీన్ కార్డ్.

అల్లుడు: ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. 1998 నుంచి మొదటి పదేళ్లు నువ్వు ఉన్నది ఇష్టంతోనా, వీసాతోనా?

అత్త: వీసాతో. దాచేదేముంది? 2003లో గాని గ్రీన్ కార్డ్‌కు మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్ ఫైల్ చేయలేదు మా కంపెనీవాళ్లు. అది బ్యాక్‌లాగ్ సెంటర్లో ఏళ్ల తరబడి కూర్చుంది. ఫైల్ చేసినప్పుడు నా హోదా ప్రోగ్రామర్ అనలిస్ట్. ఉద్యోగం స్వభావం మారితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలని లాయర్ చెప్పాడు. అందుకని ప్రమోషన్ వస్తానంటే నేనే వద్దన్నాను. నీకు ఇప్పుడు పెర్మ్ అంటున్నారు, పేరు మారింది గాని మెలిక అదే. కంపెనీ మారితే సరే, లోపల పైకి వెళ్లినా వరుస చెడుతుందేమోనన్న భయం. ఉన్నచోట ఎదగడం గురించి ఇంత మాట్లాడుతున్న నేను, ఎదిగే వయసులో కదలకుండా కూర్చున్నాను.

అల్లుడు: ఇది ఎప్పుడూ చెప్పలేదు నువ్వు.

అత్త: 2007 జులై గుర్తుందా? నువ్వు చిన్నవాడివి. ఆ నెల వీసా బులెటిన్‌లో అందరి డేట్లూ కరెంట్ అయ్యాయి, అంటే వరుసలో ఉన్న ఎవరైనా అప్లై చేయొచ్చు. మీ మామయ్యా నేనూ మెడికల్ పరీక్షలకు పరుగెత్తి, ఫోటోలు దిగి, గ్రీన్ కార్డ్ చివరి దరఖాస్తు ఐ-485 కాగితాలన్నీ సర్దుకున్నాం. జులై 2న ఇక తీసుకోమని ప్రకటించేశారు. అప్పుడు మనవాళ్లు ఏం చేశారో తెలుసా? గాంధీగిరి అని, ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టర్ ఆఫీసుకు పూలగుత్తులు పంపారు, వందల కొద్దీ. మేమూ పంపాం. జులై 17న మనసు మార్చుకుని ఆగస్టు 17 దాకా గడువిచ్చారు. అలా పడింది మా అప్లికేషన్. నూట ఎనభై రోజులు గడిచాక, ఆ పోలిక ఉన్న ఉద్యోగానికి ఎక్కడికైనా మారొచ్చని చట్టం. 2000లో వచ్చిన చట్టమే, నాదాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. ఆ రోజులు నిండిన నెలలోనే బోస్టన్ నుంచి ఒక ఆఫర్ వచ్చింది. అప్పుడు మొదటిసారి నా ఆఫీసును కిటికీలోంచి కాకుండా గుమ్మంలోంచి చూశాను. వెళ్లొచ్చు. తలుపు తీసే ఉంది. వారం ఆలోచించాను. వేరే విభాగానికి పంపిస్తే ఉంటానని మా డైరెక్టర్‌తో చెప్పాను. ఆమె ఒప్పుకుంది. ఉండిపోయాను. నన్నడిగితే ఆ కంపెనీలో నా సర్వీసు 2008 నుంచి లెక్కపెట్టాలి.

అల్లుడు: అంటే వెళ్లగలిగాకే ఉండటానికి విలువ వచ్చింది.

అత్త: నాకు అలా వచ్చింది. ముందు పదేళ్లు నా మేనేజర్లు నన్ను చాలా నమ్మకస్తురాలు అనేవాళ్లు. వాళ్లకు తేడా కనపడలేదు. బయటి నుంచి చూస్తే భయంతో ఉన్నవాళ్లూ ఇష్టంతో ఉన్నవాళ్లూ ఒక్కలాగే కనపడతారు. లోపలి మనిషికి తెలుస్తుంది.

అల్లుడు: మరి నా సంగతి చూడు. 2025లో ఈబీ-2 అనే గ్రీన్ కార్డ్ కేటగిరీలో భారతీయుల వరుస 2013 దగ్గర నడిచింది. ఆ వరుసలో నా చోటు చెప్పే ప్రయారిటీ డేట్ 2021. నీలాంటి 2007 జులై నాకు వస్తుందని ఎలా అనుకోను? దేశానికి ఏడు శాతం పరిమితి ఉన్నంతకాలం నా వంతు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. రేపు లేఆఫ్ అయితే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పది వేల మందిని తీసేసినప్పుడు నా రూమ్మేట్ ఒకడు ఆ అరవై రోజులు ఎలా గడిపాడో దగ్గరుండి చూశాను. క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ, రోజుకు మూడు ఇంటర్వ్యూలు. ఇంటర్వ్యూలు ఇవ్వడం అలవాటున్నవాడు కాబట్టి యాభయ్యో రోజున దొరికింది. పదిహేనేళ్లు ఒకేచోట ఉండి, రెజ్యూమె కూడా లేని పెద్దాయన ఒకాయన అదే గుంపులో ఉన్నాడు. ఆయన ఇండియా వెళ్లిపోయాడు. నేను మారుతూ ఉండేది జీతం కోసం మాత్రమే కాదత్తా. బయట నాకు గిరాకీ ఉందో లేదో తెలుసుకుంటూ ఉండటం నాకు రక్షణ.

అత్తకు దీనికి జవాబు లేదు. ఆమె తరంలో ఆ భయం ఒక్కసారి పోయి మళ్లీ రాలేదు. అల్లుడి తరానికి అది పోయే తేదీ కనపడటం లేదు. అలాంటప్పుడు కంపెనీ మీద విశ్వాసం గురించి అతనికి పాఠం చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే తరచూ మారడమే రక్షణ అన్న లెక్కలో కూడా ఒక బొక్క ఉంది. అత్త దాన్ని పట్టుకుంది.

అత్త: మొదటి ఏడాది లోపల తీసేస్తే స్టాక్ ఒక్క షేరు రాదన్నావు కదా. కొత్తగా చేరినవాళ్లను లేఆఫ్‌లో ముందు తీస్తారని కూడా వింటుంటాను.

అల్లుడు: ఒక్కోచోట ముందు వాళ్లనే, ఇంకోచోట జీతం ఎక్కువున్న పాతవాళ్లను. దానికో పద్ధతి ఉందని చెప్పలేం.

అత్త: కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్, ఐ-140, అప్రూవ్ అయిందా ఇప్పుడున్నచోట?

అల్లుడు: అయి ఏడాది దాటింది. ఇక కంపెనీ వెనక్కి తీసుకున్నా నా ప్రయారిటీ డేట్ పోదు. ఆరేళ్లు దాటినా హెచ్‌1బీ మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు.

అత్త: కానీ కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 రెండూ మళ్లీ చేయాలి. చేస్తామని ఆఫర్ లెటర్లో రాశారా?

అల్లుడు: రిక్రూటర్ నోటిమాటగా చెప్పాడు.

అత్త: చేరిన ఎన్నాళ్లకు మొదలుపెడతారు?

అల్లుడు: అడగలేదు.

అత్త: ఇరవై శాతం దగ్గర ఆగిపోయావన్నమాట. సరే, ఇప్పుడున్న కంపెనీలో వేరే టీమ్‌కు మారతానని ఎప్పుడైనా అడిగావా?

అల్లుడు: డేటా ప్లాట్‌ఫామ్ టీమ్‌కు వెళ్లాలని ఉంది. అడగలేదు. పెర్మ్‌లో రాసిన పనికి అది దగ్గరగానే ఉంటుంది, లాయర్‌ను కనుక్కోవాలి.

అత్త: రెండు తలుపులున్నాయి. ఒక్కటే తట్టావు.

అల్లుడు: నువ్వు బోస్టన్ ఆఫర్ చేతిలో పెట్టుకునే కదా మీ డైరెక్టర్‌ను అడిగావు? ఆఫర్ లేకపోతే ఆమె ఒప్పుకునేదా?

అత్త: ఒప్పుకునేది కాదేమో.

అల్లుడు: ఎదిగింది లోపలే అయినా తలుపు తెరిచింది బయటివాళ్లే కదా అత్తా, నీకు కూడా.

అత్త: అది నిజమే. ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

ఆమె లేచి వెళ్లి టీ పెట్టింది. అతను ఫోన్ తీసి రిక్రూటర్‌కు మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. జవాబుకు శుక్రవారం దాకా గడువు కావాలని ఒక వాక్యం. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ చేరిన ఎన్ని నెలలకు మొదలుపెడతారో రాతపూర్వకంగా చెప్పమని ఇంకో వాక్యం. రెండో వాక్యాన్ని మూడుసార్లు తిరగరాశాడు.

అల్లుడు: రేపు పొద్దున్నే మా మేనేజర్‌తో మాట్లాడతాను. ఆఫర్ ఉందని చెప్పి, డేటా టీమ్‌కు పంపిస్తే ఉంటానంటాను.

అత్త: ఆఫర్ సంగతి చెప్పకు. ముందు టీమ్ అడుగు. ఇస్తారో లేదో చూడు. ఆఫర్ చూపిస్తే జీతం పెంచి అదే కుర్చీలో కూర్చోబెడతారు. రెండేళ్లకు మళ్లీ ఇక్కడికే వస్తావు.

అల్లుడు: చెప్పకపోతే ఆర్నెల్లు ఆగమంటారు. వాళ్లు గడువిచ్చినా నాకున్నది శుక్రవారం దాకానే.

అత్త: జీతం పెంచుతామంటే వద్దంటావా మరి?

అల్లుడు: టీమ్ మార్చకుండా పెంచుతామంటే వద్దంటాను.

అత్త: ఇరవై అయిదు శాతం అంటేనో?

అల్లుడు: అప్పుడు నీకు ఫోన్ చేస్తాను.